చెప్పాపెట్టకుండా ఆరోగ్య బీమా తీసేసిన కంపెనీ: ఉద్యోగికి ఉన్న దారులేమిటి?

మిర్యాలగూడ ఉద్యోగి

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. జీతం 34,000 రూపాయలు. చేరినప్పటి నుంచి కంపెనీ తరఫున గ్రూపు ఆరోగ్య బీమా ఉంది. నాకు, నా భార్యకు, పిల్లలకు ప్రీమియం కంపెనీయే కడుతుంది. అమ్మానాన్నల పేర్లు చేర్చుకుంటే వాళ్ల ప్రీమియం మా జీతంలోంచి కోస్తారు. నా జీతం చీటీలో ‘తల్లిదండ్రుల బీమా’ అని నెలకు 850 రూపాయల కోత ఉంటుంది.

మొన్న అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ల వల్ల నొప్పి ఎక్కువైతే నల్గొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. ఆపరేషన్ వెంటనే చేయాలన్నారు. మరుసటి రోజు బీమా డెస్కులో కార్డు ఇచ్చాను. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. అమ్మ పేరు, వయసు, కార్డు నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాటి పక్కన ఎర్రటి అక్షరాలతో ‘ఇనాక్టివ్’ అని ఉంది. నా పేరు, నా పిల్లల పేర్లు చూడమన్నాను. అన్నిటి పక్కనా అదే మాట.

మేనేజర్‌కు ఫోను చేస్తే, ‘ఖర్చులు తగ్గించాలని పైవాళ్ల నిర్ణయం, పోయిన నెలాఖరుకే పాలసీ రద్దయింది, మీకు మెయిల్ వచ్చి ఉండాలే’ అన్నారు. నాకే కాదు, మా విభాగంలో ఎవరికీ ఏ మెయిలూ రాలేదు. పైగా ఈ నెల చీటీలో కూడా 850 కోత పడింది.

ఆపరేషన్ అయింది, అమ్మ కోలుకుంటోంది. రేపు డిశ్చార్జి. బిల్లు లక్షా నలభై వేలు దాటుతుందంటున్నారు. బావమరిది దగ్గర అప్పు తీసుకుని కడుతున్నాను. ఇలా ఒక్క మాట కూడా చెప్పకుండా తీసేసే హక్కు వాళ్లకు ఉందా? ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

సిమెంటు కార్మికుడు, హుజూర్‌నగర్

తమ్ముడూ, ముందు అమ్మను చూసుకో. ఒక్క విషయం మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. పోయింది ఈఎస్‌ఐయా (చట్టం ప్రకారం తక్కువ జీతాల ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా), ప్రైవేటు గ్రూపు పాలసీయా? రెండింటికీ చట్టాలు వేరు, వెళ్లాల్సిన ఆఫీసులు వేరు. నీ జీతం 34,000 కాబట్టి ఈఎస్‌ఐ ఉండదు, దాని పరిమితి 21,000 దగ్గరే ఆగింది. కాబట్టి నీది గ్రూపు పాలసీ. మా ఫ్యాక్టరీల్లో చాలామంది ఈ తేడా తెలియక కార్మిక శాఖకు వెళ్లాల్సినవాళ్లు ఈఎస్‌ఐ ఆఫీసుకు, అక్కడికి వెళ్లాల్సినవాళ్లు ఇక్కడికి కాళ్లరిగేలా తిరుగుతుంటారు.

ఇంకో మాట. నీ ఒక్కడి పేరు మీద ఏ ఉత్తరమూ రాయకు. మీ విభాగంలో బీమా పోయినవాళ్లందరినీ కూర్చోబెట్టు. ఎందుకో వకీలు గారు వచ్చి చెబుతారు.

ఆస్పత్రి బీమా డెస్కు, నల్గొండ

నేను వేరే ఆస్పత్రిలో ఇదే పని చేస్తాను. అన్నా, రేపు డిశ్చార్జికి ముందే ఈ పనులు చేయించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

నోటి మాటగా ‘కవర్ లేదు’ అంటే ఒప్పుకోవద్దు. క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) కోసం అభ్యర్థన పంపమని ఆస్పత్రివాళ్లను గట్టిగా అడగండి. పంపితే టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి తిరస్కరణ ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరంలో కారణం, తేదీ ఉంటాయి. రేపు మీరు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితమే. ‘లైవ్‌లో లేదు కాబట్టి పంపం’ అని మా డెస్కుల్లో చాలాసార్లు అంటాం, అలా అంటే పని తప్పుతుంది కాబట్టి. పంపాల్సిందే అని నిలబడండి. క్యాష్‌లెస్ అభ్యర్థన వచ్చిన గంటలోపు బీమా కంపెనీ జవాబివ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. డిశ్చార్జి సమయంలో తుది అనుమతికి మూడు గంటలు.

రెండోది, ‘ఎండార్స్‌మెంట్’ నకలు. గ్రూపు పాలసీలో ఎవరి పేరు చేర్చినా, తీసేసినా బీమా కంపెనీ ఒక మార్పు పత్రం ఇస్తుంది. అందులో రెండు తేదీలు ఉంటాయి. మార్పు ఎప్పటి నుంచి అమలు అన్నది ఒకటి, ఆ మార్పును రికార్డులో ఎప్పుడు ఎక్కించారన్నది రెండోది. మీ మేనేజర్ ‘పోయిన నెలాఖరుకే’ అంటున్నారు. నిజంగా అప్పుడే ఎక్కించారా, లేక అమ్మ ఆస్పత్రిలో చేరాక వెనకటి తేదీ వేసి ఎక్కించారా? అది తెలియాలి.

డిశ్చార్జి సమ్మరీ, విడివిడి పద్దులున్న తుది బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, మందుల చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, అన్నీ అసలువి తీసుకోండి. క్యాష్‌లెస్ దొరక్కపోయినా రీయింబర్స్‌మెంట్‌కు (ముందు మనం కట్టి, తర్వాత బీమా నుంచి రాబట్టుకోవడం) పెట్టే దారి మూసుకుపోలేదు.

మానవ వనరుల ఉద్యోగి, మహబూబ్‌నగర్

నేను ఒక చిన్న సంస్థలో హెచ్‌ఆర్ చూస్తాను. యాజమాన్యాల వైపు నుంచి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఈఎస్‌ఐ పరిధి దాటిన ఉద్యోగులకు బీమా ఇవ్వాల్సిందేనని మామూలుగా ప్రైవేటు సంస్థలను కట్టడి చేసే చట్టం లేదు. అది కంపెనీ ఇచ్చే సౌకర్యం. ఒక ఏడాది క్లెయిములు ఎక్కువైతే మరుసటి ఏడాది బీమా కంపెనీ ప్రీమియం బాగా పెంచుతుంది. అమ్మానాన్నలను చేర్చిన పాలసీల్లో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. యాభై, అరవై మంది ఉన్న సంస్థకు అది మోయలేని బరువు. కాబట్టి తీసేశారంటే అన్యాయమని వెంటనే అనలేం.

సిమెంటు కార్మికుడు, హుజూర్‌నగర్

సార్, బరువు ఎవరికి లేదు? మీరు చెప్పింది ఇవ్వడం గురించి. ఇక్కడ తమ్ముడు అడుగుతున్నది చెప్పకుండా తీసేయడం గురించి. ఒక్క నోటీసు కాగితం ఇచ్చి ఉంటే ఆ తల్లికి వేరే పాలసీ తీసుకునేవాడు, లేదంటే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. నోటీసు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

మన జిల్లాలో తల్లిదండ్రుల బీమా అదనపు హంగు కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వాళ్ల మోకాళ్లు, వెన్ను, కిడ్నీలు ఎప్పుడు మొరాయిస్తాయో తెలియదు. ప్రీమియం జీతంలోంచి కోసినా సరే అని మనవాళ్లు అమ్మానాన్నల పేర్లు చేర్చేది అందుకే.

మానవ వనరుల ఉద్యోగి, మహబూబ్‌నగర్

నోటీసు విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఉద్యోగి జీతంలోంచి కోసిన డబ్బు విషయంలో ఇంకా గట్టిగా ఏకీభవిస్తాను. రద్దయిన పాలసీకి కోత కోయడం ఏ విధంగానూ సమర్థించలేనిది. ఇంకొకటి కూడా చెప్పాలి. పాలసీ మధ్యలో రద్దు చేసుకుంటే మిగిలిన కాలానికి ప్రీమియంలో కొంత సాధారణంగా కంపెనీ ఖాతాకు తిరిగి వస్తుంది. ఉద్యోగులు కట్టిన వాటా కూడా అందులోనే ఉంటుంది. ఆ డబ్బు లెక్క అడగండి. చాలామందికి అడగాలని కూడా తెలియదు.

న్యాయవాది, నల్గొండ

ఉదయం నుంచి కోర్టులో ఉండి ఇప్పుడే చూశాను. హెచ్‌ఆర్ మిత్రులు చెప్పింది సగం నిజం. ఇవ్వాల్సిన బాధ్యత లేదన్నది నిజమే. ఒకసారి ఇచ్చి, ఏళ్ల తరబడి కొనసాగించి, ఉద్యోగ షరతుల్లో భాగం చేసిన తర్వాత మాత్రం ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి లేదు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ 9ఏ ఉండేది. కార్మికుల సేవా షరతుల్లో కొన్నింటిని మార్చాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 21 రోజులు ఆగాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. అందులో ఇదే నియమం సెక్షన్ 40గా కొనసాగుతోంది. ఏయే మార్పులకు నోటీసు కావాలో మూడో షెడ్యూల్‌లో ఉంది. వేతనాలు, భత్యాలతో పాటు ‘ఆనవాయితీగా ఇస్తున్న రాయితీని లేదా సౌకర్యాన్ని ఉపసంహరించడం’ కూడా ఆ జాబితాలో ఉంది. బీమా అనే పేరు అక్కడ విడిగా లేదు కాబట్టి యాజమాన్యం వాదిస్తుంది. ఏళ్లుగా ఇస్తూ, నియామక పత్రంలో రాసి, మొత్తం జీతం లెక్కలో చూపించిన బీమా ఈ మాటల కిందికి రాదని చెప్పడం మాత్రం వాళ్లకు కష్టం.

ఇక్కడ ‘కార్మికుడు’ అంటే చెమటోడ్చి పనిచేసేవాడు మాత్రమే కాదు. గుమస్తా పని, సాంకేతిక పని చేసేవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు, జీతం ఎంతైనా. మేనేజర్లు రారు. సూపర్‌వైజర్ పనిలో ఉండి నెలకు 18,000 దాటి తీసుకునేవారు రారు. మిర్యాలగూడ మిత్రుడు లెక్కల గుమస్తా. ఆయన వస్తారు.

హుజూర్‌నగర్ అన్న ‘ఒక్కడివే రాయకు’ అన్నది ఎందుకంటే, ఒంటరి ఉద్యోగి నేరుగా లేవనెత్తగలిగే పారిశ్రామిక వివాదం ఉద్యోగంలోంచి తొలగింపు లాంటి వాటికే పరిమితం. సౌకర్యం తీసేశారన్న వివాదాన్ని యూనియన్ గానీ, ఉద్యోగుల సమూహం గానీ ఎత్తుకోవాలి. యూనియన్ లేకపోయినా ఫరవాలేదు, బీమా పోయినవాళ్లంతా సంతకాలు చేసి జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఇవ్వండి. సంతకాల పక్కన ఉద్యోగ సంఖ్య, చేరిన తేదీ రాయించండి. నకలు మీద రసీదు ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

రెండో దారి వేతనాల కోడ్. ఇదీ అదే రోజు అమల్లోకి వచ్చింది. పాత వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 దాటినవారికి వర్తించేది కాదు, కొత్త కోడ్‌కు ఆ పరిమితి లేదు. అందుకే 34,000 తీసుకునే మీకు ఇప్పుడు ఈ దారి తెరుచుకుంది. జీతంలోంచి ఏమేమి కోయవచ్చో అందులో ఉంది. లేని పాలసీ పేరుతో కోసినది అక్రమ కోతే. క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువుంది. కోసిన మొత్తంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. 850 రూపాయలు చిన్న మొత్తమే. కానీ మీ చేతిలో ఉన్న అతి గట్టి సాక్ష్యం ఆ చీటీయే. పాలసీ రద్దు చేశాక కూడా కోత కోశారంటే, బీమా నడుస్తోందని కంపెనీయే మీకు రాతపూర్వకంగా చెప్పినట్టు.

మూడోది, బీమా కంపెనీ బాధ్యత. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా బీమా కంపెనీ మీద బాధ్యత పడదు. బీమా కంపెనీలు మొదట దీన్నే ఎత్తిచూపుతాయి. అయితే 1999లో ఢిల్లీ విద్యుత్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి. ఉద్యోగి జీతంలోంచి ఎల్‌ఐసీ ప్రీమియం కోసిన యాజమాన్యం దాన్ని జమ చేయలేదు, ఉద్యోగి చనిపోయాడు. జీతం నుంచి పొదుపు పథకంలో ప్రీమియం వసూలు చేసే యాజమాన్యం ఎల్‌ఐసీకి ఏజెంటుగా వ్యవహరించినట్టేనని, ఏజెంటు తప్పుకు భార్యకు రావాల్సిన డబ్బు ఆపడం కుదరదని కోర్టు తేల్చింది. అది జీవిత బీమా కేసు, పథకం వేరు. మీ కేసుకు అచ్చంగా అతకదు. వాదనకు మాత్రం బలమైన ఆధారం. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, రెండేళ్లలోపు వెళ్లవచ్చు. బీమా కంపెనీని ప్రధాన ప్రతివాదిగా, యాజమాన్యాన్ని రెండో ప్రతివాదిగా పెట్టండి. ఉద్యోగికీ యాజమాన్యానికీ మధ్య గొడవ ఒక్కటే అయితే కమిషన్ వినదు.

ఫీజుల గురించి భయపడకండి. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేయండి.

ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, వనపర్తి

సార్, మాదీ ఇదే కథ. వేసవి సెలవుల్లో పాలసీ రెన్యూవల్ చేయలేదు, కళాశాల తెరిచాక తెలిసింది. మేం కూడా నోటీసు అడగవచ్చా?

న్యాయవాది, నల్గొండ

అధ్యాపకుల విషయం కష్టం. ఉపాధ్యాయులు ‘వర్క్‌మన్’ (కార్మికుడు) నిర్వచనంలోకి రారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సెక్షన్ 40 దారి మీకు మూసుకున్నట్టే. వేతనాల కోడ్ దారి ఉంది, ఏదైనా కోత కోసి ఉంటే. నియామక పత్రంలో బీమా గురించి రాసి ఉంటే ఒప్పంద ఉల్లంఘన కింద సివిల్ కోర్టు ఉంది. మీ నియామక పత్రంలో ఆ మాట ఉందో లేదో ముందు చూడండి. ఇంకో తేడా గమనించండి. మీది గడువు ముగిశాక పొడిగించకపోవడం, మిర్యాలగూడ మిత్రుడిది నడుస్తున్న పాలసీని మధ్యలో తెంపడం. మీ కేసు కొంత బలహీనం.

బీమా సలహాదారు, సూర్యాపేట

కేసులు నడుస్తూ ఉంటాయి. ఈలోగా ఇంట్లో ఇంకెవరికైనా జబ్బు చేస్తే? ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను.

గ్రూపు పాలసీలో ఉన్న సభ్యులకు, అదే బీమా కంపెనీ అమ్మే వ్యక్తిగత లేదా కుటుంబ పాలసీలోకి మారే వీలు ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఉంది. దీన్ని మైగ్రేషన్ అంటారు. ఇలా మారితే గ్రూపులో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో (కొన్ని జబ్బులకు బీమా వర్తించకుండా ఆగాల్సిన కాలం) లెక్కలోకి తీసుకుంటారు. కొత్తగా వేరే కంపెనీలో తీసుకుంటే ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు 36 నెలల వరకు ఆగాల్సి రావచ్చు. కాబట్టి అమ్మానాన్నలకు మైగ్రేషన్ చాలా విలువైనది. వైద్య వివరాలు అడుగుతారు, ప్రీమియం వయసును బట్టి ఎక్కువే ఉంటుంది. ఏ జబ్బునూ దాచకండి.

ఆలస్యం చేయవద్దు. గ్రూపు కవర్ తెగిన రోజుకూ మీ దరఖాస్తుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత ఇబ్బంది. ‘కంపెనీ మాకు చెప్పలేదు, ఫలానా తేదీన ఆస్పత్రిలో తెలిసింది’ అని దరఖాస్తుతో పాటు రాతపూర్వకంగా పెట్టండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, అది కొంత ఊరట.

మిర్యాలగూడ ఉద్యోగి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మ ఇంటికి వచ్చింది.

నల్గొండ డెస్కు అక్క చెప్పినట్టే చేశాను. ఆస్పత్రివాళ్లు మొదట కాదన్నారు, పట్టుబట్టాక అభ్యర్థన పంపారు. తిరస్కరణ ఉత్తరం వచ్చింది. దాని ఆధారంగా బీమా కంపెనీకి మెయిల్ పెట్టి ఎండార్స్‌మెంట్ అడిగితే, ‘పాలసీదారు మీ యాజమాన్యం, వాళ్లనే అడగండి’ అని జవాబిచ్చారు. అక్కడితో వదలకుండా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ తర్వాతే పత్రం పంపారు.

అక్క అనుమానమే నిజమైంది. రద్దు అమలు తేదీ పోయిన నెల 30. రికార్డులో ఎక్కించిన తేదీ మాత్రం అమ్మ ఆస్పత్రిలో చేరిన మరుసటి రోజు. అంటే అమ్మను చేర్చిన రోజుకు రికార్డులో పాలసీ ఇంకా రద్దు కాలేదు!

ఇది బయటపడ్డాక మేనేజర్ నన్ను పిలిచి, ‘ఈ నెల కోసిన 850 తిరిగి ఇచ్చేస్తాం, సంతకం పెట్టు’ అన్నారు. కాగితంలో ‘బీమాకు సంబంధించి నాకు ఇక ఏ బకాయిలూ, అభ్యంతరాలూ లేవు’ అని ఉంది. నేను ఇంకా పెట్టలేదు. ఏం చేయమంటారు?

న్యాయవాది, నల్గొండ

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ‘నా మిగతా హక్కులకు భంగం లేకుండా 850 రూపాయలు స్వీకరిస్తున్నాను’ అని మీ చేత్తో రాసి ఇవ్వండి. ఒప్పుకోకపోతే తీసుకోకండి, వాళ్లు ఇవ్వజూపిన కాగితం ఫొటో తీసి పెట్టుకోండి.

తేదీల తేడా దొరకడం చాలా గొప్ప విషయం. రీయింబర్స్‌మెంట్ క్లెయిము వెంటనే వేయండి, చేరిన తేదీన పాలసీ రద్దు నమోదే కాలేదని స్పష్టంగా రాయండి. తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. ఏడాదిలోపు వెళ్లాలి, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. గ్రూపు పాలసీల ఫిర్యాదులు కూడా వింటారు. ఆయన తీర్పుకు బీమా కంపెనీ కట్టుబడాలి.

ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, వనపర్తి

ఇంత దూరం వెళితే ఉద్యోగం ఊడుతుందన్న భయం ఎవరికైనా ఉంటుంది కదా. మా దగ్గర అందరూ నోరు మెదపకుండా ఉండటానికి అదే కారణం.

సిమెంటు కార్మికుడు, హుజూర్‌నగర్

భయం అబద్ధం కాదు సార్, ఇళ్లు గడవాలి. అందుకే గుంపుగా వెళ్లమంటున్నాం. సంతకాల కాగితంలో పేర్లు వరుసగా కాకుండా వలయాకారంలో రాయించడం మా దగ్గర పాత అలవాటు, మొదటి పేరు ఎవరిదో కనబడదు. వివాదం కార్మిక శాఖ రాజీ చర్చల్లో ఉన్నంత కాలం ఆ వివాదానికి సంబంధించిన కార్మికుల సేవా షరతులను వాళ్లకు నష్టం కలిగేలా మార్చడానికి కూడా యాజమాన్యానికి వీల్లేదు. అంటే రాజీ చర్చలు మొదలవడమే కొంత రక్షణ. నోరు మూసుకుని ఉన్నవాడికి ఆ రక్షణ కూడా లేదు.

పాలమూరు పౌరుడు

మధ్యలో ఒక మాట. ఆరోగ్యశ్రీని మరిచిపోవద్దు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, అనంతపురం, శ్రీకాకుళంతో పాటు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షలు. తల్లిదండ్రులు ఊళ్లో వేరే ఆహార భద్రత కార్డు మీద ఉంటే, కొడుకు కంపెనీ బీమా పోయినా వాళ్లకు ఆ దారి ఉండవచ్చు. ఆస్పత్రిలో చేర్చే ముందే ఆరోగ్యమిత్రను అడగండి. అన్ని చికిత్సలూ అన్ని ఆస్పత్రుల్లో ఉండవు.

జడ్చర్ల గృహిణి

నమస్తే అండి. అందరూ గ్రూపు పాలసీ గురించే మాట్లాడుతున్నారు, మాది ఈఎస్‌ఐ. మా ఆయన పోలేపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేస్తారు. జీతం 19,000. అక్టోబరులో కాంట్రాక్టర్ మారాడు, పని అదే, మెషీను కూడా అదే. ఇప్పుడు బాబుకు జ్వరమని డిస్పెన్సరీకి వెళితే ‘కార్డు పనిచేయడం లేదు, అర్హత లేదు’ అన్నారు. జీతంలో మాత్రం నెలనెలా 143 రూపాయలు ఈఎస్‌ఐ కింద కోస్తూనే ఉన్నారు. కాంట్రాక్టర్‌ను అడిగితే నీళ్లు నములుతున్నాడు.

ఈఎస్‌ఐ విశ్రాంత ఉద్యోగి, మహబూబ్‌నగర్

అమ్మా, మీ హక్కు ఈ చర్చలో అందరికంటే గట్టిది. ఈఎస్‌ఐ యాజమాన్యం దయతో ఇచ్చేది కాదు, చట్టం ఇచ్చింది. ఎవరూ రద్దు చేయలేరు.

మీ లెక్క సరిగ్గానే ఉంది. 19,000కు కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 143. యాజమాన్యం తన వైపు నుంచి 3.25 శాతం కలిపి, మరుసటి నెల 15లోపు కట్టాలి. కార్మికుడి జీతంలోంచి కోసి కట్టకపోవడం నేరం, ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు ఫ్యాక్టరీ యాజమాన్యమే కట్టాలి. ‘అది కాంట్రాక్టర్ చూసుకుంటాడు’ అని వాళ్లు చేతులు దులుపుకోవడం చెల్లదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ప్రయోజనం జనవరి నుంచి జూన్ వరకు ఉంటుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు. పాత కాంట్రాక్టర్ సెప్టెంబరు వరకు సరిగ్గా కట్టి ఉంటే, కొత్తవాడు ఒక్క రూపాయి కట్టకపోయినా ఈ జూన్ నెలాఖరు వరకు మీకు వైద్యం అందాలి.

మరి కార్డు ఎందుకు పనిచేయడం లేదు? నా అనుమానం వేరే. కాంట్రాక్టర్ మారినప్పుడు పాత బీమా నంబరు అడగకుండా కొత్త నంబరు తీసేస్తుంటారు. అప్పుడు చందాల చరిత్ర అంతా పాత నంబరులో, మీ చేతిలో ఉన్న కార్డు కొత్త నంబరుతో ఉంటుంది. నా ఉద్యోగ కాలంలో పాలమూరు కూలీలకు, కాంట్రాక్టు కార్మికులకు ఎక్కువగా జరిగిన నష్టం ఇదే. ఒక మనిషికి జీవితాంతం ఒకే నంబరు ఉండాలి.

జడ్చర్ల గృహిణి

అవును సార్, ఇప్పుడు చూశాను. పాత కార్డు బీరువాలో ఉంది, నంబర్లు వేరువేరు. అయితే ఏం చేయాలి? డిస్పెన్సరీవాళ్లు మళ్లీ పంపించేస్తే?

ఈఎస్‌ఐ విశ్రాంత ఉద్యోగి, మహబూబ్‌నగర్

బాబును పాత కార్డుతో రేపే డిస్పెన్సరీకి తీసుకెళ్లండి, ఆ నంబరు మీద అర్హత చూడమని అడగండి. వైద్యం ఆపవద్దు, నంబర్ల సంగతి తర్వాత.

మీ ఆయన రెండు కార్డులు, ఆధార్, సెప్టెంబరు ముందువి, అక్టోబరు తర్వాతవి రెండు జీతం చీటీలు తీసుకుని ఈఎస్‌ఐ శాఖా కార్యాలయానికి వెళ్లి, కొత్త నంబరును పాతదానికి కలపమని దరఖాస్తు ఇవ్వాలి. అదే కాగితంలో, అక్టోబరు నుంచి కోసిన చందా జమ అయిందో లేదో విచారించమని రాయండి. కాంట్రాక్టర్ పేరు, ఫ్యాక్టరీ పేరు రెండూ ఉండాలి. ఈలోగా బయట మందులు కొనాల్సి వస్తే బిల్లులు పారేయకండి, డిస్పెన్సరీ డాక్టరు రాసిచ్చిన చీటీతో కలిపి పెట్టుకోండి. పాత నంబరు మీద కూడా అర్హత లేదంటే, ఏ నెలల చందా కనిపిస్తోందో తెర మీద చూసి ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను.